సిర్రోసిస్ ఉన్న నాన్నగారి మెదడు ఎం.ఆర్.ఐ.లో రెండువైపులా తెల్లని మచ్చలు: వీటిని ఎలా అర్థం చేసుకోవాలి?

ప్రశ్న – వేకువ

మా నాన్నగారి వయసు 61 సంవత్సరాలు. ఆయనకు కాలేయ సిర్రోసిస్ ఉన్నట్లు నాలుగేళ్ళ క్రితం తేలింది. అన్నవాహికలో ఉబ్బిన సిరలకు రెండుసార్లు బ్యాండ్లు వేశారు. నెల రోజుల క్రితం వరకు ఆయన తన పనులు తానే చేసుకునేవారు. ఆ తరువాత పగలంతా నిద్రపోవడం, రాత్రంతా మేలుకొని ఉండడం మొదలైంది. చక్కని దస్తూరి ఉన్న మనిషి సంతకం కూడా సరిగా చేయలేకపోయారు. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పించి పెట్టుకొని, ఎవరైనా సరిచేయబోతే విసుక్కునేవారు. ఆసుపత్రిలో చేర్చగా హెపాటిక్ ఎన్‌కెఫలోపతి (కాలేయ వ్యాధి వల్ల మెదడు పనితీరు దెబ్బతినడం) అని చెప్పి లాక్ట్యులోజ్ అనే విరేచనకారి మందు ఇచ్చారు, మూత్రంలో ఉన్న ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్ కూడా ఇచ్చారు. నాలుగో రోజుకు ఆయన మళ్ళీ మునుపటి మనిషి అయ్యారు.

ఆ సమయంలో తీసిన మెదడు ఎం.ఆర్.ఐ. రిపోర్టులో, మెదడు లోతులో ఉండే గ్లోబస్ పాలిడస్ అనే భాగంలో రెండువైపులా టి1 చిత్రాలపై సౌష్ఠవంగా అధిక సంకేతం, అంటే తెలుపు, కనబడుతోందనీ, రక్తస్రావం గాని కొత్త స్ట్రోక్ గాని లేదనీ, మెదడు స్వల్పంగా కుదించుకుపోయిందనీ రాశారు. బంధువులలో ఒకరు ఆ తెల్లని మచ్చలను చూసి ఇది పాత పక్షవాతపు గుర్తు అన్నారు. మరొకరు మెదడులో విషం పేరుకుపోయిందనీ, ఇక అది పోదనీ చెప్పారు. మనిషి కోలుకున్నప్పటికీ మచ్చ అలాగే ఉండడమే మాకు అర్థం కావడం లేదు. ఆయన అయోమయానికి కారణం ఆ మచ్చలేనా? అవి శాశ్వతమా? వ్యాధి ముదిరిందో తగ్గిందో తెలుసుకోవడానికి ఈ స్కాన్‌ను మళ్ళీ మళ్ళీ తీయించాలా?


జవాబు – చిత్రదర్శి (రేడియాలజిస్టు)

వేకువ గారికి, ముందుగా పక్షవాతం సంగతి. రిపోర్టులో రాసిన మార్పు పక్షవాతపు గుర్తు కాదు. రక్తనాళం మూసుకుపోయి మెదడు కణజాలం దెబ్బతింటే ఆ మార్పు టి2, డిఫ్యూజన్ అనే చిత్రాలలో (టి1 లాగే ఇవీ ఎం.ఆర్.ఐ. తీసే రకాలే) ముందుగా కనబడుతుంది, సాధారణంగా ఒకవైపునే ఉంటుంది. మీ నాన్నగారి చిత్రాలలో ఉన్నది అద్దంలో ప్రతిబింబంలా రెండువైపులా సమానంగా, టి1 చిత్రాలలో మాత్రమే కనబడే తెలుపు. సిర్రోసిస్ ఉన్నవారి మెదడు ఎం.ఆర్.ఐ. చిత్రాలను చూసే మాబోటివారికి ఇది ఎంతో పరిచయమైన దృశ్యం, ఎందుకంటే అటువంటి రోగులలో అత్యధికులకు ఇది ఎంతోకొంత ఉంటుంది.

ఆ తెలుపుకు కారణం మాంగనీసు అనే లోహం. ఇది శరీరానికి అతి స్వల్ప పరిమాణంలో అవసరమైనదే. పేగుల నుంచి పీల్చుకున్న మాంగనీసు పోర్టల్ సిర ద్వారా కాలేయానికి చేరుతుంది, అక్కడ అవసరానికి మించినదాన్ని కాలేయం పైత్యరసంలో కలిపి బయటికి పంపుతుంది. సిర్రోసిస్‌లో కాలేయం గట్టిపడి లోపల రక్తానికి దారి ఇవ్వదు. అప్పుడు పేగుల నుంచి వచ్చిన రక్తం పక్కదారులు వెతుక్కొని, కాలేయాన్ని తాకకుండానే సాధారణ రక్తప్రసరణలో కలిసిపోతుంది. మీ నాన్నగారికి బ్యాండ్లు వేసిన ఆ ఉబ్బిన సిరలు కూడా అటువంటి పక్కదారులే. ఆ విధంగా తప్పించుకున్న మాంగనీసు మెదడులో అన్ని చోట్లా సమానంగా చేరదు, గ్లోబస్ పాలిడస్‌లో ఎక్కువగా నిలిచిపోతుంది. అయస్కాంత క్షేత్రానికి స్పందించే గుణం ఉండడం వల్ల అది చుట్టూ ఉన్న నీటి అణువుల సంకేతాన్ని మార్చి, టి1 చిత్రంలో ఆ చోటును ప్రకాశవంతంగా చూపుతుంది. అదే చోటును సి.టి. స్కాన్‌లో చూస్తే ఏమీ కనబడదు. సున్నం పేరుకుపోయిన మచ్చలైతే సి.టి.లోనే స్పష్టంగా తెల్లగా కనబడతాయి. ఈ ఒక్క తేడాతోనే చాలా అనుమానాలు తీరిపోతాయి.

మీరు అడిగిన ముఖ్యమైన విషయానికి వస్తే, ఆ తెలుపు ఎంత ఉందన్నదానికీ, మనిషి ఎంత అయోమయంలో ఉన్నాడన్నదానికీ మధ్య దగ్గరి సంబంధం కనబడదు. బాగా తెల్లగా ఉన్న మెదడుతో చదరంగం ఆడుకునేవారు ఉంటారు, మచ్చ ఉందో లేదో అన్నట్లున్న స్థితిలో స్పృహ తప్పినవారూ ఉంటారు. కనుక ఆ మచ్చను చూసి భయపడనవసరం లేదు.

ఒక చిన్న ప్రశ్న. మీ నాన్నగారికి కాలేయం కోసం కాంట్రాస్టు మందు (చిత్రం స్పష్టంగా రావడానికి సిరలోకి ఎక్కించేది) ఇచ్చి ఎం.ఆర్.ఐ. ఎన్నిసార్లు తీశారు? గ్యాడోలినియం అనే లోహం ఉన్న కొన్ని కాంట్రాస్టు మందులను పలుమార్లు తీసుకున్నవారిలో కూడా గ్లోబస్ పాలిడస్, చిన్నమెదడులోని డెంటేట్ న్యూక్లియస్ తెల్లగా కనబడతాయని 2014లో జపాన్ పరిశోధకులు చూపారు. ఆ తరువాత 2017లో యూరోపియన్ మందుల నియంత్రణ సంస్థ ఆ తరగతికి చెందిన మందులలో చాలావాటి వాడకాన్ని నిలిపివేసింది, కాలేయ చిత్రాలకు ప్రత్యేకంగా పనికివచ్చేవాటిని మాత్రం ఆ పనికే పరిమితం చేసి ఉంచింది. ఆ నిల్వల వల్ల మెదడుకు హాని కలిగినట్లు నిరూపణ కాలేదు. అయినా రిపోర్టు రాసేవారికి ఈ చరిత్ర తెలిసి ఉండడం మంచిది.


జవాబు – నిదానం (కాలేయ వైద్యుడు)

చిత్రదర్శి గారు చెప్పినదంతా సరైనదే. అయితే "భయపడనవసరం లేదు" అన్న మాట "పట్టించుకోనవసరం లేదు" అన్నట్లుగా పాఠకులకు వినిపించకూడదని నా కోరిక. ఆ మచ్చ మెదడు గురించి చెప్పేది తక్కువ, రక్తం దారి గురించి చెప్పేది ఎక్కువ. కాలేయాన్ని తప్పించుకుపోయే రక్తం గణనీయంగా ఉందని అది చెబుతోంది. కాలేయం పనితీరు ఫరవాలేదన్నట్లు ఉన్నప్పటికీ ఎన్‌కెఫలోపతి పదే పదే తిరగబెడుతున్న రోగి నా దగ్గరికి వస్తే, పెద్ద పక్కదారి సిర ఏదైనా ఉందేమోనని పొట్ట సి.టి.లో వెతుకుతాను. ప్లీహపు సిర నుంచి మూత్రపిండపు సిరలోకి నేరుగా తెరుచుకున్న పెద్ద సిర కొందరిలో ఉంటుంది. తగిన రోగులను ఎంచుకొని దాన్ని లోపలి నుంచే మూసివేయడం సాధ్యమే. పోర్టల్ సిరలోని ఒత్తిడి తగ్గించడానికి కాలేయంలో టిప్స్ అనే గొట్టం అమర్చినవారిలో ఇదే కథ మరో రూపంలో నడుస్తుంది: రక్తానికి మనమే ఒక పక్కదారి వేశాం గనుక, ఎన్‌కెఫలోపతి, మాంగనీసు తెలుపు రెండూ పెరిగే అవకాశం ఉంటుంది.

ఇక మీ నాన్నగారు నాలుగు రోజుల్లో కోలుకున్నప్పటికీ మచ్చ ఎందుకు పోలేదన్న ప్రశ్న. ఆయనను అయోమయంలోకి నెట్టినది ప్రధానంగా అమ్మోనియా, మచ్చ వేసినది మాంగనీసు. రెండూ ఒకే తలుపు గుండా లోపలికి వచ్చాయి, కానీ వాటి నడక వేరు. పేగుల్లో తయారైన అమ్మోనియాను కాలేయం యూరియాగా మార్చలేనప్పుడు అది మెదడుకు చేరుతుంది. అక్కడ ఆస్ట్రోసైట్లు అనే సహాయక కణాలు అమ్మోనియాను గ్లుటమేట్‌తో కలిపి గ్లుటమిన్‌గా మారుస్తాయి. గ్లుటమిన్ పోగుపడిన కొద్దీ కణంలోకి నీరు చేరుతుంది, కణం కొద్దిగా ఉబ్బుతుంది. ఆ ఒత్తిడిని తట్టుకోవడానికి కణం తనలోని మయో-ఇనోసిటాల్ అనే పదార్థాన్ని బయటికి పంపుకుంటుంది. ఇన్ఫెక్షన్ తోడైతే ఈ సర్దుబాటు చెదిరిపోతుంది. మీ నాన్నగారి మూత్రంలోని ఇన్ఫెక్షన్ అదే పని చేసి ఉంటుంది. లాక్ట్యులోజ్‌తో అమ్మోనియా, యాంటీబయాటిక్‌తో ఇన్ఫెక్షన్ తగ్గాయి గనుక ఆయన కోలుకున్నారు. లోహం మాత్రం కొద్ది రోజుల్లో కదలదు.

ఈ అమ్మోనియా కథ మామూలు ఎం.ఆర్.ఐ.లో కంటికి కనబడదు, కాని ఎం.ఆర్. స్పెక్ట్రోస్కోపీ అనే పద్ధతిలో కనబడుతుంది. అది బొమ్మకు బదులు మెదడులోని రసాయనాల శిఖరాలను గీతగా చూపుతుంది: సిర్రోసిస్‌లో గ్లుటమిన్-గ్లుటమేట్ శిఖరం పెరుగుతుంది, మయో-ఇనోసిటాల్, కోలిన్ శిఖరాలు తగ్గుతాయి. పైన చెప్పిన కణాల సర్దుబాటును ఇంత సూటిగా చూపే పరీక్ష మరొకటి లేదని నా అభిప్రాయం. మెదడు తెల్ల పదార్థంలో స్వల్పంగా నీరు చేరిన గుర్తులు మ్యాగ్నటైజేషన్ ట్రాన్స్‌ఫర్, డిఫ్యూజన్ వంటి కొలతల్లో దొరుకుతాయి. ఇవన్నీ పరిశోధనలో ఎంతో నేర్పాయి గాని, ఒక్కొక్క రోగికి మందు నిర్ణయించడానికి వీటి అవసరం రాదు.

అటువంటప్పుడు స్కాన్ ఎందుకు తీశారని మీరు అడగవచ్చు. స్కాన్ తీసేది ఎన్‌కెఫలోపతిని నిర్ధారించడానికి కాదు, మరొకటి ఏదీ లేదని తెలుసుకోవడానికి. సిర్రోసిస్‌లో ప్లేట్‌లెట్లు తక్కువ, రక్తం గడ్డకట్టే తీరు అస్తవ్యస్తం, తూలి పడిపోవడం ఎక్కువ. అమెరికా, ఐరోపా కాలేయ వైద్య సంఘాలు 2014లో కలిసి వెలువరించిన మార్గదర్శకాలు, ఈ రోగులలో మెదడు లోపలి రక్తస్రావం ముప్పు కనీసం 5 రెట్లు ఎక్కువనీ, దాని లక్షణాలు ఎన్‌కెఫలోపతిని పోలి ఉండవచ్చనీ, అందువల్ల మొదటిసారి అయోమయం వచ్చినప్పుడు మెదడు స్కాన్ తీయడం పరిపాటి అనీ పేర్కొన్నాయి. మీ రిపోర్టులో మీ కుటుంబం నిజంగా ఊపిరి పీల్చుకోవలసిన వాక్యం "రక్తస్రావం లేదు" అన్నది, దానిని మీరు మధ్యలో దాటేశారు. మళ్ళీ మళ్ళీ స్కాన్ తీయించనవసరం లేదు. ఎప్పటికన్నా భిన్నంగా అయోమయం వచ్చినా, ఒకవైపు బలహీనత కనబడినా, తలకు దెబ్బ తగిలినా, మూర్ఛ వచ్చినా, లాక్ట్యులోజ్‌కు స్పందన లేకపోయినా అప్పుడు ఆలస్యం చేయకుండా తీయించాలి.


వేకువ

ఇద్దరికీ ధన్యవాదాలు. కాలేయం కోసం కాంట్రాస్టుతో ఎం.ఆర్.ఐ. మూడుసార్లు తీశారు. ఆ రిపోర్టులు వెతికి మందు పేరు రాసుకుంటాను.

మీ వివరణ చదివాక మరో సందేహం కలిగింది. దాదాపు ఏడాదిగా నాన్నగారి నడక నెమ్మదించింది, అడుగులు చిన్నవయ్యాయి, ముఖంలో మునుపటి కదలిక తగ్గింది. ఇదంతా వయసు వల్లనే అనుకున్నాం. అయోమయం తగ్గిన తరువాత కూడా ఇవి అలాగే ఉన్నాయి. మాంగనీసుకూ వీటికీ సంబంధం ఉంటుందా? మరొక విషయం: ఆసుపత్రి నుంచి ఇచ్చిన కాగితాల్లో ఒకచోట "అల్జీమర్ టైప్ 2 మార్పులు" అన్న పదం చూసి మా అమ్మ కన్నీళ్ళు పెట్టుకున్నారు.


జవాబు – నాడి (నరాల వైద్యురాలు)

మీ అమ్మగారి భయం ముందు తీర్చాలి. "అల్జీమర్ టైప్ 2" అన్నది కాలేయ వ్యాధిలో ఉబ్బి, కేంద్రకం పాలిపోయి కనబడే ఆస్ట్రోసైట్ల పేరు. మతిమరుపు వ్యాధిని వర్ణించిన వైద్యుడే వీటిని కూడా వర్ణించడం వల్ల ఆ పేరు వచ్చింది. ఆ వ్యాధికీ దీనికీ ఎటువంటి సంబంధమూ లేదు. వైద్యశాస్త్రంలో పేర్ల వల్ల కలిగిన అనవసరమైన దుఃఖాలలో ఇదొకటి.

నడక గురించి మీరు గమనించినది చాలా విలువైనది. పొడిచేసే మిల్లులో మాంగనీసు ధూళి పీల్చిన కార్మికులలో కాళ్ళు బలహీనపడడం, వంగి నడవడం వంటి లక్షణాలను 1837లోనే స్కాట్లండ్ వైద్యుడు జేమ్స్ కూపర్ వర్ణించారు. సిర్రోసిస్ రోగులలో కొద్దిమందికి అటువంటి కదలికల లోపాలు, తూలు నడక, మాట ముద్దగా రావడం నెమ్మదిగా ఏర్పడి, అమ్మోనియా తగ్గినప్పటికీ నిలిచిపోతాయి. విక్టర్, ఆడమ్స్, కోల్ అనే ముగ్గురు 1965లో దీనిని విడిగా వర్ణించారు, నేడు అక్వైర్డ్ హెపాటోసెరెబ్రల్ డీజనరేషన్ అంటున్నాం. పార్కిన్సన్ వ్యాధి సాధారణంగా ఒకవైపు మొదలవుతుంది, కాని ఇది రెండువైపులా ఇంచుమించు ఒకేసారి కనబడుతుంది. పార్కిన్సన్ వ్యాధికి వాడే లెవోడోపా అనే మందు కొందరికి కొంత ఉపకరిస్తుంది, చాలామందికి అంతగా ఉపకరించదు. శరీరం నుంచి మాంగనీసును లాగివేసే మందులతో నమ్మదగిన ఫలితం రాలేదు.

అయితే మచ్చ ఉంది, నడక నెమ్మదించింది గనుక రెండింటినీ ముడివేయడం తొందరపాటు అవుతుంది. మచ్చ చాలామందికి ఉంటుంది, ఈ జబ్బు కొద్దిమందికే వస్తుంది. కండలు క్షీణించడం, సోడియం తగ్గడం, బి12 లోపం, మత్తు మందులు, బయటికి తెలియని స్థాయి ఎన్‌కెఫలోపతి – ఇవన్నీ నడకను నెమ్మదింపజేస్తాయి. గతంలో మద్యం అలవాటు ఉన్నట్లయితే థయమిన్ (విటమిన్ బి1) లోపాన్ని కూడా చూడాలి. అది మెదడులో వేరే చోట్ల, అంటే థాలమస్ లోపలి అంచున, మ్యామిల్లరీ బాడీలలో మార్పులు తెస్తుంది, వెంటనే థయమిన్ ఇస్తే చాలావరకు నివారించదగినది. కనుక ఒకసారి నరాల వైద్యులు స్వయంగా పరీక్షించాలి. ఆయనను చేతులు ముందుకు చాచి, మణికట్లు పైకి వంచి ఉంచమనండి. పక్షి రెక్కలు కొట్టుకున్నట్లు చేతులు క్షణకాలం జారిపోతుంటే అది ఎన్‌కెఫలోపతి గుర్తు, ఆ విషయం కాలేయ వైద్యునికి చెప్పాలి. ఒడిలో పెట్టుకున్న చేయి విశ్రాంతిలో లయబద్ధంగా వణుకుతుంటే అది వేరే దారి, పార్కిన్సన్ వ్యాధి వైపు చూపేది.

ఈ వరుసలో విల్సన్ వ్యాధి గురించి ఎవరైనా మీకు చెప్పవచ్చు. కినియర్ విల్సన్ 1912లో వర్ణించిన ఈ వంశపారంపర్య వ్యాధిలో రాగి పేరుకుంటుంది, మార్పులు టి2 చిత్రాలలో పుటామెన్ (గ్లోబస్ పాలిడస్ పక్కనే ఉండే భాగం)లో, థాలమస్‌లో, మధ్యమెదడులో కనబడతాయి. అది ఎక్కువగా బాల్యంలోనో యౌవనంలోనో బయటపడుతుంది. మీ నాన్నగారి చిత్రం ఆ కోవకు చెందినది కాదు.


జవాబు – సహచరి

నేను వైద్యురాలిని కాను. మా వారికి రెండేళ్ళ క్రితం కాలేయ మార్పిడి జరిగింది, శాశ్వతమా అన్న మీ ప్రశ్నకు నా అనుభవం కొంత పనికివస్తుందేమో. మార్పిడికి ముందు ఆయన రిపోర్టులోనూ మీరు రాసిన వాక్యమే దాదాపు ఉన్నది ఉన్నట్లు ఉండేది. మార్పిడి జరిగిన పదోరోజున ఆయన మందకొడిగా ఉండడంతో మళ్ళీ ఎం.ఆర్.ఐ. తీశారు, అప్పటికి ఆ తెలుపు ఏ మాత్రం మారలేదు. మేము కుంగిపోయాం. ఆ స్కాన్ ఆ మచ్చ కోసం తీయలేదని, రక్తంలో సోడియం తక్కువగా ఉన్నవారికి అది వేగంగా పెరిగితే మెదడు కాండంలోని పాన్స్ దెబ్బతినే ప్రమాదం ఉంటుంది గనుక దానికోసం చూశారని తరువాత తెలిసింది. పాన్స్ బాగానే ఉంది, మందకొడితనం మందుల మోతాదు మార్చాక తగ్గింది. ఏడాది గడిచాక మరో కారణంతో తీసిన స్కాన్‌లో ఆ తెలుపు పోల్చుకోలేనంతగా తగ్గిందని రాశారు.

ఆయన తెలివి మాత్రం మచ్చ కోసం ఆగలేదు. మొదటి నెలల్లోనే రాత్రి నిద్ర తిరిగి వచ్చింది, లెక్కలు వచ్చాయి. అయినా పేర్లు గుర్తు తెచ్చుకోవడంలో మునుపటి చురుకుదనం పూర్తిగా రాలేదని నాకు అనిపిస్తుంది, ఆయన ఒప్పుకోరు.


జవాబు – నిదానం

సహచరి గారు చెప్పిన క్రమం మేము సాధారణంగా చూసే క్రమమే. కొత్త కాలేయం పనిచేయడం మొదలుపెట్టాక స్పెక్ట్రోస్కోపీలోని రసాయన మార్పులు, తెల్ల పదార్థంలోని స్వల్ప వాపు ముందు సర్దుకుంటాయి, మాంగనీసు తెలుపు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా నెమ్మదిగా మాసిపోతుంది. వేకువ గారి రిపోర్టులోని "స్వల్ప కుదింపు" వేరు. ఆ భాగం వెనక్కి రావడం అరుదు. వయసు, పోషకాహార లోపం, గతంలో మద్యం వంటివి అందులో కలిసి ఉంటాయి. పలుమార్లు తీవ్రమైన ఎన్‌కెఫలోపతి వచ్చినవారిలో జ్ఞాపకశక్తి, చురుకుదనం పూర్తిగా మునుపటి స్థాయికి చేరకపోవచ్చునన్న ఆధారాలు పెరుగుతున్నాయి. అందుకే మళ్ళీ రాకుండా చూసుకోవడమే ఇప్పుడు మీ చేతిలో ఉన్న పని.

రోజుకు రెండు మూడుసార్లు మెత్తగా విరేచనం అయ్యేలా లాక్ట్యులోజ్ మోతాదు సరిచూసుకోండి. అంతకు మించితే ఒంట్లో నీరు, లవణాలు తగ్గి అయోమయం మళ్ళీ రావచ్చు. లాక్ట్యులోజ్ వాడుతుండగానే మరోసారి తిరగబెడితే రిఫాక్సిమిన్ అనే, పేగుల్లో పనిచేసే యాంటీబయాటిక్‌ను చేర్చే విషయం మీ వైద్యుడు ఆలోచిస్తారు. మాంసకృత్తులు మానివేయమని ఎవరైనా చెబితే వినవద్దు. పాత పద్ధతి అది. శరీర బరువులో ప్రతి కిలోకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల వరకు అవసరం, కండ తగ్గితే అమ్మోనియాను సర్దుకునే శక్తి కూడా తగ్గుతుంది. నిద్రపట్టడం లేదని నిద్రమాత్రలు సొంతంగా ఇవ్వవద్దు. ఖనిజాలు కలిపిన బలం మాత్రలు ఏవైనా వాడుతుంటే వాటిలో మాంగనీసు ఉన్నదేమో చూసి వైద్యునికి చూపండి. వాహనం నడపడం గురించి కూడా తప్పక అడగండి, ఎందుకంటే పైకి బాగున్నట్లు కనబడేవారిలో సైతం స్పందన మందగించి ఉండవచ్చు.


జవాబు – చిత్రదర్శి

ఈ చర్చను తరువాత ఎవరైనా వెతికి చదివే అవకాశం ఉంది గనుక ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పుకున్నదంతా దీర్ఘకాలిక కాలేయ వ్యాధికి సంబంధించినది. ఆరోగ్యంగా ఉన్న కాలేయం రోజుల వ్యవధిలో విఫలమైతే మెదడు చిత్రం పూర్తిగా మారిపోతుంది. అప్పుడు మాంగనీసు పేరుకునే వ్యవధి ఉండదు. అమ్మోనియా ఒక్కసారిగా పెరగడంతో కణాలు సర్దుకోలేవు, మెదడు ప్రమాదకరంగా వాచి మడతలు చదునవుతాయి. అమ్మోనియా విపరీతంగా పెరిగిన సందర్భాల్లో మెదడు పై పొర అయిన వల్కలంలో ఇన్సులా, సింగ్యులేట్ అనే భాగాలు రెండువైపులా డిఫ్యూజన్ చిత్రాలపై వెలిగిపోతాయి, వెనుక భాగంలోని దృష్టి వల్కలం తరచుగా తప్పించుకుంటుంది. అటువంటి రిపోర్టు చేతికి వస్తే ఇటువంటి చోట జవాబుల కోసం ఎదురుచూడకూడదు, అది గంటల్లో నిర్ణయాలు తీసుకోవలసిన పరిస్థితి.

వేకువ గారూ, డెంటేట్ న్యూక్లియస్ కూడా తెల్లగా ఉందా అన్నది రిపోర్టులో లేకపోతే, చిత్రాల డిస్క్ తీసుకువెళ్ళి రేడియాలజిస్టును అడగండి. ఉంటే కాంట్రాస్టు మందు వాటా కొంత ఉండవచ్చు. లేకపోతే మాంగనీసు మాత్రమే అనుకోవడానికి బలం చేకూరుతుంది. పాత డిస్కులు ఏవీ పారేయకండి. ఎప్పుడైనా మరో స్కాన్ అవసరమైతే, పక్కన పెట్టి పోల్చడానికి పాత చిత్రం ఉన్నప్పుడే మేము నమ్మకంగా రాయగలం.


వేకువ

డిస్క్ ఇంట్లోనే ఉంది, సోమవారం తీసుకువెళుతున్నాను. నిన్న సాయంత్రం నాన్నగారిని చేతులు చాచమన్నాను. జారలేదు. నరాల వైద్యుల దగ్గర సమయం తీసుకున్నాం, నడకను ఫోన్‌లో వీడియో తీసి పెట్టాను.